తల్లి తప్పు కాదు, పన్నే సాక్షి

(ఖరగ్‌పూర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో బ్యాంకు సిబ్బంది కుటుంబాల ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక పిల్లల దంతవైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

రైల్వేతో పాటు పెరిగిన ఈ ఊళ్లో మనవాళ్లకు కొదవలేదు కనుక తెలుగులోనే మాట్లాడతాను.

అప్పుడప్పుడు ఒక తల్లి నా గదిలోకి వస్తూనే, "రోజూ తోముతున్నానండీ" అంటుంది. రెండేళ్ల బిడ్డ పళ్లు తేనెరంగులోనో, నీలం కలిసిన బూడిదరంగులోనో ఉంటాయి. అప్పటికే అరిగిపోతూ ఉంటాయి. ఇంట్లోవాళ్లు ఆమెనే అని ఉంటారు. ఆమె తప్పు లేదని చెప్పడానికి మైక్రోస్కోపు ఉంది.

పన్ను పైపొర ఎనామిల్. దాని కింద ఉండే అసలు కట్టడం డెంటిన్. ఊడిన మంచి పాలపన్నును పలచగా కోసి చూస్తే, లోపలి గుజ్జు నుంచి ఎనామిల్ వైపు సన్నని గొట్టాలు వేలాదిగా, దువ్విన జుట్టులా వరుసగా కనిపిస్తాయి. ఈ జబ్బున్న పంటిలో గొట్టాలు తక్కువ, అడ్డదిడ్డం, కొన్ని మరీ వెడల్పు. కొన్నిచోట్ల అసలుండవు. ఖనిజం తక్కువ, నీరు ఎక్కువ కావడంతో డెంటిన్ మెత్తబడుతుంది. పైన ఎనామిల్ చాలావరకు బాగానే ఉన్నా, గోడ గుల్లయితే పూత నిలవనట్టు పెచ్చులూడిపోతుంది. గుజ్జు ఉండే గది కూడా క్రమంగా పూడుకుపోతుంది.

దీని పేరు డెంటినోజెనెసిస్ ఇంపర్ఫెక్టా. సుమారు 6,000 నుంచి 8,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. 1973లో షీల్డ్స్ బృందం దీన్ని మూడు రకాలుగా విభజించింది. మొదటి రకం ఎముకలు పెళుసుబారే జబ్బుతో కలిసి వస్తుంది. రెండో రకం పళ్లకే పరిమితం. నాలుగో క్రోమోజోముమీది డీఎస్‌పీపీ అనే జన్యువులో లోపం దీనికి కారణం. మూడోది అమెరికాలోని మేరీలాండ్‌లో ఒక సమూహంలో గుర్తించినది.

"మేనరికం చేసుకున్నందుకేనా డాక్టరుగారూ?" అని అడుగుతారు. కాదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా, ప్రతి కాన్పులో బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. ఒక్కోసారి ఎవరికీ లేకుండా కొత్తగానూ రావచ్చు. నల్లగొండలో విన్న ఫ్లోరోసిస్ వేరు. అది నీటివల్ల వస్తుంది, ముఖ్యంగా శాశ్వత దంతాల ఎనామిల్‌ను పాడుచేస్తుంది.

మరి ఏం చెయ్యాలి? పాలపళ్లే కదా, ఊడిపోతాయని వదిలేయకండి. దవడపళ్లు రాగానే స్టీలు తొడుగులు వేస్తే అరుగుదల ఆగుతుంది, బిడ్డ అన్నం నమలగలుగుతుంది. శాశ్వత దంతాలకూ ఈ లోపం ఉండవచ్చు కనుక తర్వాత కూడా చూపిస్తూ ఉండాలి. చిన్న దెబ్బకే ఎముకలు విరుగుతుంటే పిల్లల వైద్యునికి తప్పక చెప్పండి. ఊడిన పన్నును ఇంటికప్పుమీదికి విసిరేముందు, అది పరీక్షకు అవసరమేమో డాక్టరును అడగండి.

ఈ పార్కు మోస్తున్న పేరు విద్యాసాగర్‌ది. ఆయన పుట్టిన బీర్‌సింగా మన ఈ జిల్లాలోనే ఉంది. మన వీరేశలింగం పంతులుగారిని దక్షిణ దేశపు విద్యాసాగరుడన్నారు. ఆడవారిమీద లోకం మోపిన భారాన్ని దించడానికి ఇద్దరూ పాటుపడ్డారు. పంటిరంగు చూసి తల్లిని నిందించడం, సంబంధం తప్పుతుందని ఆడపిల్లను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వమనడం మనం మానుకుందాం.