వంకర పాదం: సెలవుదాకా ఆగొద్దు

(శుక్రవారం క్యాంపు మీటింగ్‌లో మన ఫిజియోథెరపిస్టు చెప్పిన మాటలు. డ్యూటీ ఉండి రాలేకపోయినోళ్ల కోసం.)

ఉన్న ఒక్క సెలవురోజు నిద్ర మానుకుని వచ్చారు కాబట్టి సూటిగా చెప్తా.

మనలో చాలామందికి బిడ్డ పుట్టిన కబురు ఫోన్‌లోనే వస్తది. ఒక్కోసారి దాంతోపాటు "పాదం లోపలికి తిరిగి ఉంది" అనే మాట కూడా వస్తది. దీన్ని క్లబ్‌ఫుట్ అంటారు. సుమారు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి ఉంటది. అందులో దాదాపు సగం మందికి రెండు పాదాలూ అట్లనే ఉంటాయి. ఇది గ్రహణం వల్ల వచ్చింది కాదు, తల్లి తప్పూ కాదు. ఇంట్లో ఎవరైనా ఆమెను ఆడిపోసుకుంటుంటే మీరే ఫోన్ చేసి ఆపండి.

*కడుపులో ఉన్నప్పుడు:* 18 నుంచి 22 వారాల మధ్య తీసే స్కాన్‌లో ఇది చాలాసార్లు తెలుస్తది. పిక్క ఎముకలు నిలువునా కనబడే బొమ్మలోనే అరికాలు కూడా కనబడితే డాక్టరుకు అనుమానం వస్తది. అప్పుడు వెన్నెముక, గుండె కూడా జాగ్రత్తగా చూస్తారు. స్కాన్‌లో అనుమానం వచ్చి, బిడ్డ మంచి పాదంతో పుట్టడమూ ఉంది. కంగారు పడకుండా, పుట్టినాక ఎక్కడ చూపించాలో ముందే కనుక్కోండి.

*పుట్టినాక:* "ఎక్స్‌రే, ఎమ్మారై తీయించాలె, పైసలు పంపు" అని ఫోన్ వస్తే, ఎందుకో డాక్టర్ని అడగమనండి. పసిబిడ్డ పాదంలో చాలా ఎముకలు ఇంకా మెత్తగానే ఉంటాయి, అవి ఎక్స్‌రేలో పడవు. అందుకే మామూలు క్లబ్‌ఫుట్‌ను డాక్టరు చేత్తో పట్టి చూసే చెప్తారు. పాదం కట్లకు లొంగకపోయినా, నయమై మళ్లీ తిరిగినా, వేరే జబ్బు అనుమానం ఉన్నా అప్పుడు ఎక్స్‌రే అవసరం. పైనుంచి, పక్కనుంచి తీసి చీలమండ ఎముకకు, మడమ ఎముకకు మధ్య కోణం కొలుస్తారు. పైనుంచి చూస్తే అది 20 డిగ్రీలకన్నా తగ్గి, రెండు ఎముకలూ పక్కపక్కనే సమానంగా పడుకున్నట్టు ఉంటే పాదం ఇంకా సరికాలేదని అర్థం.

*వైద్యం:* అమెరికాలోని అయోవాలో డాక్టర్ ఇగ్నాసియో పోన్సెటి తయారుచేసిన పద్ధతి ఇది. వారానికొక పిండికట్టు మారుస్తూ ఐదారు వారాల్లో పాదాన్ని మెల్లగా తిప్పుతారు. చాలామందికి మడమ వెనక నరానికి చిన్న కోత పెట్టి, మూడు వారాలు ఆఖరి కట్టు వేస్తారు. తర్వాత కడ్డీకి బిగించిన బూట్లు వేయాలి. మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆపైన నాలుగైదేళ్ల వయసుదాకా నిద్రలో.

కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే సెంట్రింగ్ సరిచేస్తాం, గట్టిపడ్డాక పగలగొట్టాల్సిందే. ఇదీ అంతే. పుట్టిన మొదటి వారాల్లోనే మొదలుపెట్టాలి. "సెలవుకు వచ్చినాక చూద్దాం" అంటే రెండేళ్లు పోతాయి, పెద్ద ఆపరేషన్ దాకా రావచ్చు.

ఖర్చుకు భయపడొద్దు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో క్లబ్‌ఫుట్ కూడా ఉంది, వైద్యం ఉచితం. ఊర్లో ఆశా కార్యకర్తను అడిగితే దారి చెప్తుంది.

ఎక్కువగా చెడేది చివర్లోనే. పాదం బాగైంది, బిడ్డ ఏడుస్తున్నాడని బూట్లు మానేస్తారు, పాదం మళ్లీ తిరుగుతుంది. అందుకే రోజూ రాత్రి వీడియో కాల్‌లో అన్నం తిన్నారా అని అడిగినట్టే, బూట్లు వేశారా అని కూడా అడగండి. ఇంత దూరం నుంచి తండ్రి చేయగలిగిన వైద్యం అది.