ఖడ్గమృగమును చూడబోవువారికి

మన బందరు నుండియు, గుడివాడ నుండియు, దివిసీమ నుండియు దూరప్రయాణములు చేయువారు పూర్వము కాశీ, గయ, ప్రయాగలు సేవించి తిరిగివచ్చెడివారు. ఇటీవల అస్సాము వరకును పోవుచున్నారు. కామాఖ్య అమ్మవారిని దర్శించి, ఆ వెంటనే కజిరంగాకు పోయి ఖడ్గమృగమును చూచి వచ్చుట వాడుక యగుచున్నది. వచ్చినవారిని, ఏమి చూచితిరయ్యా యని అడిగినచో, "ఏనుగులో సగమున్నది, ముక్కు మీద కొమ్మున్నది, బురదలో పడుకొని యున్నది" అని చెప్పి, చేతిఫోనులోని బొమ్మలు చూపి ఊరకుందురు. బురదలో పడుకొని యుండుట వారి లెక్కలో చిన్న విషయము. నేటి ప్రసంగమున నాకు కావలసినదంతయు ఆ బురదయే.

విజయవాడలో రైలెక్కినవారు సుమారు రెండు దినములకు గౌహతి చేరుదురు. అచ్చటినుండి కొహొరా అను ఊరికి రోడ్డు మీద రెండువందల కిలోమీటర్ల ప్రయాణము. ఇంచుమించు నవంబరు మొదలు ఏప్రిలు వరకు సందర్శకులను లోపలికి రానిత్తురు. వానకాలమున ఉద్యానమును మూసివేయుదురు, ఏలయనగా అప్పుడు లోపలి దారులు చాలవరకు బ్రహ్మపుత్ర నీటిలో నుండును. జీపులలో పోవచ్చును. తెల్లవారుజామున ఏనుగు నెక్కియు పోవచ్చును. అచ్చటి గడ్డి చాలచోట్ల మనిషి ఎత్తును మించి పెరుగును. జీపులో కూర్చున్నవానికి ఇరుప్రక్కల గడ్డిగోడ తప్ప మరేమియు కానరాని చోట్లు కలవు. ఆ గడ్డిలో నొక మూల కదలిక కలుగును. పిమ్మట కొంగ యొకటి పైకి లేచును. కొంగ లేచినచోట ఖడ్గమృగ మున్నదని తెలిసికొనవలెను.

మన పొలములలో గేదె వెంట కొంగ తిరుగుట చూచినవారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు. గేదె గిట్టలకు లేచిన పురుగులను ఏరుకొనుటకు కొంగ ఎట్లు పోవునో, ఖడ్గమృగము వెంటను అట్లే పోవును. గోరువంకలు వీపు మీద వ్రాలి జోరీగలను ఏరును. ఎండ ముదిరినప్పుడు మన గేదె కాలువలోనికి దిగినట్లే అదియు మడుగులోనికి దిగి ముక్కు మాత్రము పైకి పెట్టుకొని పడుకొనును. రెండువేల కిలోలు తూగగల ఆ దేహమునకు బురద లేక గడవదు. చల్లదనము నిచ్చునది, ఈగల బాధ తప్పించునది బురదయే. చర్మము మడతలు పడి, కవచము తొడిగిరా యనిపించుచున్నను, దాని మీద ఈగ వ్రాలినచో దానికి తెలియును. కంటిచూపు మందము. ముక్కును చెవులును మిక్కిలి చురుకైనవి. అందుచేత చూడబోవువారు అత్తరులు పూసికొనుటయు, కేకలు వేయుటయు మానుట మంచిది. మనవారికి ఈ రెండవది కష్టము.

పేరును గూర్చి యొక మాట. ఖడ్గమను పేరు వినుటకు గంభీరముగానే యున్నది గాని, అది కత్తియు కాదు, లోపల ఎముకయు లేదు. మన గోరు, మన వెండ్రుక ఏ పదార్థముతో నేర్పడినవో ఆ కొమ్మును ఆ పదార్థముతోనే ఏర్పడినది. మన దేశపు ఖడ్గమృగము పోట్లాటలో ముఖ్యముగా వాడునది క్రింది దవడలోని వాడియైన పండ్లను. ఇట్లు కత్తి కాని కత్తి కొరకు, మందు కాని మందు కొరకు, వేటగాండ్రు వందలకొలది మృగములను చంపిరి. చీనా, వియత్నాము దేశములలో ఆ కొమ్ము పొడికి గల గిరాకియే ఇందుకు మూలము. 2021 సెప్టెంబరు 22వ తేదీన అస్సాము ప్రభుత్వమువారు తమ ఖజానాలలో పేరుకొనిన 2,479 కొమ్ములను బోకాఖాత్ అను ఊర బహిరంగముగా దహనము చేసిరి. బూడిదకు వెల లేదు గదా. మరుసటి సంవత్సరము, అనగా 2022లో, ఆ రాష్ట్రమున వేటగాండ్ర చేత ఒక్క ఖడ్గమృగమును చావలేదు.

ఇరువదవ శతాబ్దారంభమున కజిరంగాలో మిగిలినవి చేతివేళ్లతో లెక్కింపదగినన్నియే యనిపించు దుస్థితి. 1908లో దానిని రక్షితారణ్యముగా ప్రకటించిరి. 1916లో మృగరక్షణస్థలమైనది. 1938లో వేట మాన్పించి సందర్శకులకు ద్వారము తెరచిరి. 1974లో జాతీయోద్యానమైనది. 2022లో లెక్కింపగా 2,613 ఉన్నవని తేలినది. ప్రపంచమునందలి ఈ జాతిలో సగమునకు మించినవి అచ్చటనే కలవు. తుపాకి పట్టిన కాపలావారి కష్టము ఇందులో చాల యున్నది. అయినను, తుపాకి ఒక్కటే ఈ పని చేసినదని నేను అనుకొనను. నదికి కావలసిన చోటు నదికి విడిచిపెట్టిరి. ఏటేట బ్రహ్మపుత్ర పొంగి ఆ నేలనంతయు ముంచి, ఒండ్రు వేసి, మడుగులను నింపి పోవును. ఆ మడుగులను అచ్చటివారు బీలు లందురు. వరద రానిచో మడుగులు పూడును, గడ్డి నశించి చెట్లు మొలచును, గడ్డి తిని బ్రతుకు జంతువు మాయమగును. వరద మితిమీరి వచ్చినను జంతువులు చచ్చును. 2017లోను, 2020లోను, 2024లోను అట్లే జరిగెను. నీరు ఎక్కినపుడు మృగములు పెద్దరోడ్డు దాటి దక్షిణమున నున్న కార్బీ కొండలకు పోవును. ఆ రోజులలో లారీల వేగమును అదుపుచేయుదురు. లోపలను మట్టి పోయించి ఎత్తైన దిబ్బలు కట్టించినారు. మన తీరమున తుపాను రక్షణభవనము లెట్టివో, అచ్చటి మృగములకు ఆ దిబ్బలు అట్టివి.

ఈ జంతువు మన ఆంధ్రదేశమునకు పరాయిదియు కాదు. బేతంచెర్ల చేరువనున్న బిలసర్గం గుహలలో 1880వ దశకమున రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడును, ఆయన కుమారుడును త్రవ్వించగా దొరకిన ఎముకలలో ఖడ్గమృగపు టెముకలును ఉండెను. లిడెక్కరు అను పండితుడు 1886లో దానికి కర్నూలు పేరే పెట్టెను. నేడు ఆంధ్రమున ప్రాణముతో నున్న ఖడ్గమృగమును చూడవలెనన్న విశాఖపట్టణపు జంతుప్రదర్శనశాలకు పోవలసినదే.

ఇక మన యింటి సంగతి. దివిసీమ దక్షిణపు కొసన కృష్ణా అభయారణ్యమని యొకటి కలదు. 1989లో ఏర్పడినది. నది కిరుప్రక్కల, సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ మొదలు ఆవలి ఒడ్డున లంకెవానిదిబ్బ వరకు, సుమారు 195 చదరపు కిలోమీటర్ల మడ అడవియు, బురదయు, ఉప్పునీటి పాయలును అందులోనివి. కజిరంగా మూలోద్యానము 430 చదరపు కిలోమీటర్లు. కొహొరా పేరు తెలిసిన మనవారిలో నాచుగుంట పేరు తెలిసినవారు ఎందరు? అచ్చట ఖడ్గమృగము లేదు. బావురుపిల్లి యున్నది. ఇంటిపిల్లికి రెండింతలుండును. కాలివ్రేళ్ల నడుమ సన్నని పొర యుండును. గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకొనవు. పిల్లి నీటికి జడియునను సామెత బుద్ధిని ఇది మన్నింపదు. రాత్రివేళ పాయ ఒడ్డున కూర్చుండి, నీటిలో చేప కదలగానే దుమికి పట్టును. వంగదేశమువారు దీనిని తమ రాష్ట్రజంతువుగా నెన్నుకొనిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనికి పెద్దపులితో సమానమైన రక్షణ నిచ్చినది. నీటికుక్కలు, నక్కలు, వలసపక్షులును అచ్చట కలవు. చలికాలపు రాత్రులలో సముద్రపు తాబేళ్లు ఇసుకలో గ్రుడ్లు పెట్టిపోవును.

ఖడ్గమృగము వలె ఈ పిల్లి పగటివేళ మీ యెదుట నిలిచి మేయదు. శాస్త్రజ్ఞులే చెట్లకు స్వయంచాలక కెమెరాలు కట్టి దాని బొమ్మ తీయవలసి వచ్చినది. అందుచేత టిక్కెట్టు కొని చూచువారు దీని కొరకు రారు. ఇట్టి జంతువు పక్షమున మాట్లాడుట కష్టము. పల్లెలోని రైతు అడుగును: "ఎవరికిని కనబడని పిల్లి కొరకు ఇంత నేల ఎందుకండీ? రొయ్యల చెరువు వేసికొనిన పిల్లవాని చదువు గడచును గదా!" ఆ ప్రశ్న అన్యాయమైనదని నేననను. 1990 తరువాత రొయ్య తెచ్చిన డబ్బు తీరమున ఎన్నో యిండ్లు కట్టించినది. ఎన్నో యిండ్లు ముంచినది కూడను. గుడివాడవారికి ఎరుకయే, 2006లో కొల్లేటిలో చేపలచెరువుల గట్లు తెగగొట్టినప్పుడు, పెట్టుబడి పెట్టిన పెద్దల కంటె గట్టు మీద కూలి చేసికొను వారికే ఎక్కువ కష్టము కలిగినది. ముందు ఆక్రమింపనిచ్చి పిమ్మట పగులగొట్టుట కంటె, ముందే విడిచియుంచుట చౌక.

రైతుకు నేను చెప్పునది పిల్లిని గూర్చి కాదు, మడను గూర్చి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన బందరును, చుట్టుపట్ల పల్లెలను ముంచి సుమారు ముప్పదివేలమందిని పొట్టన బెట్టుకొనెను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమ మీద తాటిచెట్టంత అల విరిగిపడెనని బ్రతికి బయటపడినవారు చెప్పుదురు. పదివేలమందికి మించి మరణించిరి. సొర్లగొంది, పాలకాయతిప్ప ఆ దినము చూచినది చెప్పనలవి కాదు. అంతటి అలను మడచెట్లు ఆపివేయునని ఎవరైన అనినచో నమ్మవలదు. కాని తెల్లమడ, నల్లమడ, తిల్ల మొదలగు చెట్ల వ్రేళ్లు నీటి వేగమును విరుచును, గట్టును పట్టి యుంచును, ఒండ్రును నిలుపును. ఈ మూడవది నేడు మిక్కిలి ముఖ్యము. నాగార్జునసాగరము 1967లో ముగిసిన పిమ్మట, శ్రీశైలమును తోడైన పిమ్మట, కృష్ణ పూర్వము తెచ్చినంత ఒండ్రు తెచ్చుట లేదు. ఒండ్రు తరిగినకొలది సముద్రము డెల్టా అంచును కొరుకుచున్నది. బ్రహ్మపుత్ర తన మృగములకు ఏటేట క్రొత్తనేల పోయుచున్నది. మన నదికి ఆ చేయి కురచయైనది. ఉన్న మన్నును పట్టియుంచునది ఇక ఆ మడవ్రేళ్లే.

ఆ అడవిని చూడదలచినవారు అవనిగడ్డ మీదుగా నాగాయలంకకు గాని, కోడూరు మీదుగా హంసలదీవికి గాని పోవచ్చును. అడవిలోనికి, పాయలలోనికి పోవుటకు అటవీశాఖవారి అనుమతి పొందవలెను. మాఘపూర్ణిమకు హంసలదీవిలో సముద్రస్నానమునకై వేలమంది వత్తురు. స్నానము చేసి, వేణుగోపాలస్వామిని సేవించి, ఆ సాయంత్రమే బండ్లెక్కి పోవుదురు. ఈసారి పోవువారు ఒక్క గంట ఆగి, పోటు తీసిన పిమ్మట పాలకాయతిప్ప దారిలో, మడచెట్ల మొదళ్లలోని మెత్తని బురదను చూడుడు. ఎండ్రకాయల బొరియల నడుమ, కొంగ కాలిజాడల ప్రక్కన, పిల్లిపాదపు గుండ్రని ముద్ర కనబడిన కనబడవచ్చును. గోటి గురుతు సన్నగా పడియున్నచో, ముందురాత్రి చేపకై వచ్చినది బావురుపిల్లియే కావచ్చును.