పళ్ళెం పగడం



పగడం అనగానే మనకు మంగళసూత్రాల పక్కన గుచ్చుకునే ఎర్రపూసలు గుర్తుకు వస్తాయి. కుజదోషం పోవాలని ఉంగరంలో పొదిగించుకునే రాయి గుర్తుకు వస్తుంది. నిజానికి అది రాయి కాదండీ. సముద్రంలో బతికే ప్రాణి తన ఒంటి కోసం కట్టుకున్న గట్టి గూడు. ఇవాళ నేను చెప్పబోయేది దాని దూరపు చుట్టం గురించి. ఇంగ్లీషులో ప్లేట్ కోరల్ అంటారు, మనం పళ్ళెం పగడం అందాం.

ఇది మనకెందుకమ్మా అంటారేమో! అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న మన పిల్లల ఇళ్ళల్లో కొన్నింట ఉప్పునీటి అక్వేరియంలు ఉంటున్నాయి. కూతురి పురిటికని వెళతాం, ఆరు నెలలు ఉంటాం. వాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళిపోయాక పగలంతా ఆ తొట్టికి కాపలా మనమే. చేపలకు తిండి వేయడం మనకు తెలుసు. అడుగున ఇసుకలో పడి ఉన్న ఆ పళ్ళెం సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. రాయి కాబోలనుకుని తీసి, తోమి పెట్టామంటే ఒక ప్రాణి పోయినట్టే.

ముందుగా ఒక మాట. మన దేశంలో దీన్ని పెంచుదామని ఎవరూ ఉబలాటపడకండి. రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. సముద్రంలోంచి తీయడం, కొనడం, అమ్మడం నేరం. అక్కడినుంచి వస్తూ ముచ్చటపడి ఒక ముక్క పెట్టెలో వేసుకు రావడమూ కూడదు. చచ్చిన ముక్క అయినా సరే.

ఇక అసలు విషయానికి వద్దాం. పుట్టగొడుగు గొడుగును తిరగేసి పెడితే సన్నటి రెక్కలు మధ్యనుంచి అంచులకు పరుచుకుని కనిపిస్తాయి చూడండి, దీని గూడు అచ్చం అలాగే ఉంటుంది. తక్కిన పగడాల్లో వేల ప్రాణులు కలిసి ఒకే గూట్లో కాపురం ఉంటే, ఇది మాత్రం సాధారణంగా ఒంటి ప్రాణి. నడిమధ్యన ఒక నోరు, దాని చుట్టూ వేళ్ళలాంటి చిన్న చిన్న తీగలు. పసితనంలో కాడతో రాయికి అంటుకుని ఉంటుంది. కాస్త పెద్దదయ్యాక ఆ కాడ విరిగి, ఇసుకమీద పడి, అక్కడినుంచి స్వేచ్ఛగా బతుకుతుంది. మీద ఇసుక పడితే ఒంట్లోకి నీళ్ళు నింపుకుని పూరీలా పొంగి, దులిపేసుకుంటుంది. అలా పొంగుతూ, తగ్గుతూ మెల్లగా చోటు కూడా మారుతుంది. నిన్న ఇక్కడ ఉన్నది ఇవాళ నాలుగంగుళాలు అవతల ఉంటే కంగారు పడకండి.

ఈ పొంగడం సంగతి తెలిస్తే దాని పెంపకం సగం తెలిసినట్టే. చాలామంది దాన్ని అందంగా కనిపించాలని రాళ్ళ గుట్టమీద అమరుస్తారు. అది పొంగినప్పుడు పక్కనున్న రాయి మొనలకు మెత్తటి ఒళ్ళు ఒరుసుకుని చిరుగుతుంది, లేదా కదిలి కదిలి కింద పడుతుంది. దాని చోటు అడుగున మెత్తటి ఇసుకే. పెద్ద గులకలు కూడా పనికిరావు. పక్కనున్న ఇతర పగడాలకు జానెడు ఎడం ఉండాలి, వాటి తీగలు ఒకదాన్నొకటి కుడతాయి. నీటి పంపు ధార సూటిగా దానిమీద పడకూడదు, తీగలు నెమ్మదిగా ఊగితే చాలు.

పొంగి ఉన్నదాన్ని ఎన్నడూ నీళ్ళలోంచి పైకెత్తకండి. లోపలి నీటి బరువుకు ఒళ్ళు చిరిగిపోతుంది. ఎత్తక తప్పదనుకోండి, చేత్తో మెల్లగా నీళ్ళు విసిరితే కాసేపటికి ముడుచుకుంటుంది. అప్పుడు కిందివైపు గట్టి భాగం పట్టుకుని తీయాలి. చేతులకు సబ్బు, క్రీము ఏమీ ఉండకూడదు.

దాని ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు మొక్కలు ఉంటాయి. వెలుతురుతో అవి వండి పెట్టేదే దాని ముఖ్య భోజనం. అలాగని దీపం ఎక్కువైతే ఆ నాచు బయటకు పోయి పగడం తెల్లగా పాలిపోతుంది. నీళ్ళు వేడెక్కినా ఇదే గతి. 76 నుంచి 78 ఫారెన్‌హీటు డిగ్రీలు, అంటే మన లెక్కలో 25 సెంటీగ్రేడు దగ్గర ఉంటే నిశ్చింత. కొత్తగా తెచ్చినదాన్ని మొదట తక్కువ వెలుతురులో ఉంచి, రెండు మూడు వారాల మీద అలవాటు చేయాలి. తొట్టి కూడా కొత్తది కాకూడదు. ఉగాదికి తొట్టి పెడితే దసరాకు పగడం తేవాలని నా లెక్క.

ఇప్పుడు మనింటి ఆడవాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేని విషయం. చారు మరిగిన కొద్దీ ఉప్పెక్కుతుందా లేదా? తొట్టీ అంతే. రోజూ నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. కాబట్టి తరిగిన మేరకు ఉప్పు లేని మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. అవి కూడా కుళాయి నీళ్ళు కావు, అందులో క్లోరిన్ ఉంటుంది. పిల్లలు ఆర్.ఓ. నీళ్ళు పట్టి ఉంచుతారు, వాటినే కొద్దికొద్దిగా పోయండి. ఉప్పు కొలత లీటరుకు 35 గ్రాముల దగ్గర నిలకడగా ఉండాలి. వారానికో పదిరోజులకో నీళ్ళు మార్చేటప్పుడు మాత్రం సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపిన నీళ్ళు పోస్తారు. వంటింటి ఉప్పు అందుకు పనికిరాదు.

గూడు కట్టుకోవడానికి దానికి సున్నం కావాలి. నీళ్ళలో కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు ఉండేలా పిల్లలు పరీక్ష చేసి మందు పోస్తారు. కొందరు వాడే ఆ సున్నపు నీళ్ళు మన తాంబూలం సున్నం జాతివే. అలాగని తమలపాకుల డబ్బాలోది తీసి వేసేరు! కొలత తప్పితే తొట్టిలో ఉన్నవన్నీ పోతాయి. ఆ పని వాళ్ళకే వదిలేద్దాం. చేపలకు జబ్బు చేసిందని రాగి కలిసిన మందు కూడా ఆ తొట్టిలో వేయకూడదు. చేప బతికినా పగడం బతకదు.

వారానికి ఒకటి రెండుసార్లు చిన్న రొయ్య తునక, కందిగింజంత, నోటి దగ్గర పెడితే మెల్లగా లోపలికి లాక్కుంటుంది. ఆ కాసేపూ పంపు ఆపాలి. పెద్ద ముక్క పెడితే మర్నాటికి కక్కేస్తుంది. చూస్తూ కూర్చోండి, లేకపోతే తొట్టిలో బతికే రొయ్యలు దాని నోట్లోది లాగేసుకుంటాయి. న్యూజెర్సీలో మా చెల్లెలింట్లో ఆ దొంగతనం చూసి మేమిద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

నవ్వులాట కాని సంగతి ఒకటుంది. తొట్టిలోని రాళ్ళకు పాకుడు పట్టిందని వేడినీళ్ళు పోసి కడగడం, ఉడకబెట్టడం ఎన్నడూ చేయకండి. కొన్ని రాళ్ళమీద బటన్లలాంటి మెత్తటి ప్రాణులు పెరుగుతాయి. వాటిలో కొన్నింటికి భయంకరమైన విషం ఉంటుంది. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలు ఉన్నాయి. పసిబిడ్డ ఉన్న ఇంట్లో మరీ జాగ్రత్త.

ఇక పగడం జబ్బు పడితే ఎలా తెలుస్తుంది? రోజుల తరబడి పొంగకుండా ముడుచుకునే ఉంటుంది. అంచుల దగ్గర ఒళ్ళు కరిగి తెల్లటి గూడు బయటపడుతుంది. అప్పుడు ముందుగా నీళ్ళ వేడి, ఉప్పు చూడండి, ఏ చేపైనా పొడుస్తున్నదేమో కనిపెట్టండి, పిల్లలకు వెంటనే ఫోను చేయండి. గోధుమరంగు జిగురు కనిపిస్తే ఆ పూటే దాన్ని వేరే పాత్రలోకి తీయించాలి, అది పక్కవాటికీ అంటుకుంటుంది.

ఒక్కోసారి అన్నీ చేసినా పోతుంది. ఒళ్ళంతా కరిగి తెల్లటి పళ్ళెం మిగులుతుంది. జిగురు జబ్బుతో పోయినది కాకపోతే ఆ పళ్ళెం పారేయనివ్వకండి. అల్లుడుగారు చెత్తబుట్ట తెచ్చినా సరే, ఒక మూల ఇసుకమీద ఉంచమనండి. కొన్ని నెలలు గడిచాక, ఒక్కోసారి ఏడాది తరువాత, ఆ ఎండు రెక్కల మధ్య మిగిలిన పిసరంత ప్రాణంలోంచి మినపగింజలంత పిల్లలు మొలుచుకొస్తాయి. ఒక్కొక్కదానికి ఒక చిన్న కాడ, ఒక చిన్న నోరు. కాస్త ఎదిగాక కాడ విరిగి, ఒకటొకటే ఇసుకమీదికి దిగుతాయి.