ఆటలోని అక్షహృదయము



జూదమున రాజ్యము పోగొట్టుకొన్న నలుడు, ఋతుపర్ణుని కొలువున నున్న కాలమున అక్షహృదయమును గ్రహించి, మరల పుష్కరునితో ఆడి గెలిచెను. ఓడినవాడు ఆట మర్మమెరిగి బాగుపడినాడు. జూదమును మెచ్చుకొనుట కాదు సుమా! ఓటమి పిమ్మట మరల కూర్చుండు ఆ నిబ్బరమే బడిపిల్లలకు కావలసినది.

భావనపాడు వంటి తీరగ్రామములలో పిల్లవాని చదువు తెగిపోవుటకు కారణములు వెదకనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువ తీరము దాటి కొబ్బరి, జీడితోటలను నేలగూల్చినది. ఈ జిల్లా మత్స్యకారులు గుజరాతులోని వేరావల్ రేవు వరకు పనికి పోవుచున్నారు. తండ్రి దూరముననున్న ఇంట పని పిల్లవానిపై బడును. నెల గడచి వాడు బడికి వచ్చునప్పటికి పాఠము ముందుకు సాగిపోయియుండును. వెనుక బల్లపై నాలుగు దినములు కూర్చుండును. పిమ్మట రాడు.

దీనికొక ఉపాయము మన ఆంధ్రదేశముననే పుట్టినది. మదనపల్లె సమీపమున ఋషీవ్యాలీ విద్యాకేంద్రమున పద్మనాభరావు, రమ గారలు చుట్టుపట్ల పల్లెబడుల కొరకు పాఠ్యపుస్తకమును చిన్న చిన్న అట్టలుగా విడదీసిరి. ఒక అట్ట కథ, ఒకటి పాట, ఒకటి లెక్కల ఆట, ఒకటి పరీక్ష. ఏ మెట్టున ఏ అట్టయో చూపుటకొక నిచ్చెన పటము కలదు. పిల్లవాడు తన అట్టను తానే తీసుకొని తోటివారితో కూడి ఆడును, చదువును. మెట్టు కుదురనిచో అభ్యాసమునకు వేరు అట్టలున్నవి. ఈ మార్గమునే 2003లో చెన్నపట్నపు కార్పొరేషను బడులును, తరువాత తమిళనాటి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలును అనుసరించినవి.

వైకుంఠపాళిలో పాము నోట బడినవాడు క్రిందికి జారును. ఈ నిచ్చెనకు పాము లేదు. నెల రోజులు రానివాడు తాను విడిచిన మెట్టుననే కాలు మోపును.

ఇప్పుడు ఆట పేరిట నక్షత్రములు, బహుమతులు పంచి మొదటివాడెవడో చాటు సాధనములు వచ్చుచున్నవి. గెలుచువానికవి ఉత్సాహమే. తుపాను వెనుక బడికి వచ్చినవానికి ఆ పట్టికయే పాము.

అట్టలు పెట్టెలో తాళమువేసియుంచిన వ్యర్థము. నలిగినదానికి బదులు క్రొత్తది వ్రాయవలెను. ఉపాధ్యాయుడు ప్రతివాని మెట్టు నెరిగియుండవలెను. ఇది తక్కువ శ్రమ కాదు. అందు గ్రంథాలయమును కొంత పాలు పంచుకొనవచ్చును. తెప్ప, వల, చేపల సంత లెక్క, ఇవన్నియు అట్టలకెక్కదగినవే. కావలసినది దళసరి కాగితము, కత్తెర, గుండ్రని దస్తూరి గల ఇద్దరు, ఆదివారపు మధ్యాహ్నము.