మౌస్ ఎవరి చేతిలో?

హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ ఉంది. 2005లో మొదలైంది. ఎవరైనా వాడుకుని, మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చింది. దాని వాలంటీర్లలో ఇంజినీరింగ్ విద్యార్థులు చాలామంది. బస్తీ పిల్లలకు కంప్యూటర్ నేర్పడం కూడా వాళ్ల పనే. జీతం లేదు, ఇష్టమే.

రెంటచింతల లాంటి ఊళ్లోనూ ఇలా కంప్యూటర్ నేర్పడం జరిగే పనే. సెలవులకు ఊరొచ్చిన విద్యార్థి, పాత కంప్యూటర్, ఒక గది చాలు. కాకపోతే రెంటచింతల ఎండలు తెలిసినవే! వేసవిలో తరగతులు పొద్దున్నే పెట్టుకోవాలి.

మిరప కోతలకెళ్లే అక్క మొదటిసారి మౌస్ పట్టుకుంటే చెయ్యి బిగుసుకుపోతుంది. తెరమీద బాణం ఎటో పోతుంది. అప్పుడు నేర్పేవాళ్లు మౌస్ లాక్కోకూడదు. పక్కన కూర్చుని నోటితో చెప్పాలి. ముందు ఆమె పేరు తెలుగులో టైపు చేయించాలి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మొదటిరోజే చెప్పాలి. మళ్లీ ఒకసారి: మౌస్ నేర్చుకునేవాళ్ల చేతిలోనే ఉండాలి.