స్వస్తికము – దాని దుర్వినియోగము

 

'సు', 'అస్తి' యను పదముల కలయికచే 'స్వస్తి' యేర్పడినది. మేలగుగాక యని దాని భావము. మనము గడపలపై పసుపుకుంకుమలతో వ్రాయు స్వస్తికము జైనబౌద్ధులకును పూజ్యము. 1920లో హిట్లరు పక్షమువారు జర్మనీయం దీ యాకృతిని తమ పతాకమున నిలిపిరి. 1935లో నది రాజ్యపతాకమే యయ్యెను. వారి యేలుబడిలో సుమారు 60 లక్షలమంది యూదులు వధింపబడిరి. జర్మనులు దానికిడిన పేరు కొక్కెపు శిలువ, స్వస్తి కాదు.

విదేశములందున్న మన బిడ్డలు ద్వారమున దీనిని వ్రాసినచో, పొరుగున నున్న యూదుని గుండె యదరుట సహజము. అతనితో వాదమునకు దిగరాదు. ముందు వాని దుఃఖము నెఱుంగవలయును. పిదప మన యర్థమును దెలుపవలయును.

మేము విన్నవించునది యొక్కటే. పరద్వేషమునకు ధ్వజమైనచో నెంతటి పవిత్రచిహ్నమైనను మైలపడును. సంఘముగా గూడిన మనము మన ధ్వజముక్రిందను ద్వేషమును జేరనీయకుందము గాక! స్వస్తి.