ఖాళీగా వదిలిన స్లాట్లు



జనగామ, మానుకోట, భూపాలపల్లి నుంచి వచ్చిన ఇంజనీరింగ్ పట్టభద్రుల ముందు మాట్లాడమంటే నేను కృత్రిమ మేధ గురించి చెబుతాననుకొని ఉంటారు. దాని సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. నేను నలభై యాభై ఏళ్ళ కిందటి ముచ్చట చెబుతాను. పాత పీసీ మూత విప్పితే మదర్‌బోర్డు మీద వరసగా నల్లటి స్లాట్లు కనిపించేవి. కొన్నింటిలో కార్డులుండేవి, మిగతావి ఖాళీ. ఆ ఖాళీ స్లాట్లలోంచే తెలుగు అక్షరం మన పీసీల్లోకి వచ్చింది.

1975 జనవరిలో ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక అట్ట మీద ఆల్టెయిర్ 8800 అనే పెట్టె బొమ్మ వేసింది. కీబోర్డు లేదు, తెర లేదు, ముందు వైపు స్విచ్చులూ ఎర్ర దీపాలూ. లోపల మాత్రం వంద పిన్నుల కనెక్టర్లు పెట్టి, కార్డులు చేర్చుకునే వీలు ఉంచారు. పిన్నుల వరస ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు. కరెంటు కూడా స్థిరపరచకుండా దాదాపు 8 వోల్టులు అలాగే వదిలేశారు, ఏ కార్డుకు ఆ కార్డు సొంత రెగ్యులేటరు పెట్టుకుని వేడెక్కాల్సిందే. అయినా ఏడాది తిరక్కముందే వేరే కంపెనీలు దానికి కార్డులు, ఆ తరువాత పోటీ పెట్టెలే తయారుచేశాయి. కార్డులను కలిపే ఆ తీగల వరసకు ఎస్-100 బస్సు అని పేరు స్థిరపడింది. 1983లో ఐఈఈఈ 696 అని అధికారిక ముద్ర పడేసరికి ఆ బస్సు పని దాదాపు అయిపోయింది. ప్రమాణాల కమిటీలు ఇప్పటికీ ఇలాగే ఉంటాయి, మీరే చూస్తారు.

1977లో వచ్చిన యాపిల్-2 దగ్గర ఒక తగాదా జరిగింది. స్టీవ్ జాబ్స్‌కు రెండు స్లాట్లు చాలు, ఒకటి ప్రింటరుకు, ఒకటి మోడెముకు. యంత్రాన్ని రూపొందించిన స్టీవ్ వాజ్నియాక్ ఎనిమిది కావాల్సిందేనని పట్టుబట్టాడు. మిగతా ఆరింటిలో ఏం పెడతారంటే ఆయన దగ్గరా జాబితా లేదు. ఎనిమిదే ఉన్నాయి. ఏడేళ్ళ తరువాత 1984లో మెకింటాష్ వచ్చినప్పుడు మాత్రం జాబ్స్ పంతం నెగ్గింది, అందులో ఒక్క స్లాటూ లేదు. జాబ్స్ వాదనను నేను కొట్టిపారెయ్యను. స్లాటు ఉన్నచోట ఎవరెవరివో కార్డులు చేరతాయి, వాటితో తంటాలూ చేరతాయి.

ఐబీఎం పీసీ 1981 ఆగస్టు 12న వచ్చింది. ఏడాది గడువులో తయారుకావాలి కాబట్టి ఫ్లోరిడాలోని బోకా రాటన్ బృందం విడిభాగాలను బజారులో కొని బిగించింది. స్లాట్లు ఐదు. ఒక్కోదానిలో 62 పట్టీలు, అటు 31, ఇటు 31. ఎనిమిది డేటాకు, ఇరవై అడ్రసుకు, మిగిలినవి అంతరాయ (ఇంటరప్ట్) సంకేతాలు, కరెంటు వగైరాలకు. వీటిలో ఏ పట్టీ ఏం చేస్తుందో టెక్నికల్ రిఫరెన్స్ మాన్యువల్‌లో సర్క్యూట్ బొమ్మలతో సహా అచ్చువేసి అమ్మారు. ఐబీఎం ఉదారత అంటారు కొందరు. నాకు మాత్రం అందులో తొందరే ఎక్కువ కనిపిస్తుంది. మిగతా కార్డులన్నీ తామే చేసే తీరిక వాళ్ళకు లేదు.

ఆ పీసీలో బ్యాటరీతో నడిచే గడియారం కూడా లేదు. స్విచ్చు వేసిన ప్రతిసారీ తేదీ, టైము చేత్తో కొట్టాలి. తెర కార్డుకు ఒక స్లాటు, ఫ్లాపీ కార్డుకు ఒకటి పోతే మిగిలేవి మూడు. అదనపు మెమరీ, సీరియల్ పోర్టు, ప్రింటరు పోర్టు, గడియారం, అన్నీ ఒకే కార్డు మీద పెట్టి ‘సిక్స్‌పాక్’ అని అమ్మి ఏఎస్‌టీ అనే చిన్న కంపెనీ పెద్దదైంది. పెట్టినవాళ్ళు అమెరికాకు వలసవచ్చిన ముగ్గురు ఇంజనీర్లు, వాళ్ళలో సఫీ ఖురేషీది కరాచీ.

మరో కార్డు 1982 నాటి హెర్క్యులిస్. దాన్ని చేసిన వాన్ సువన్నుకుల్ థాయ్‌లాండ్ మనిషి. తన పరిశోధన వ్యాసం థాయ్ లిపిలో పీసీ మీద కొట్టుకోవాలనుకున్నాడు. ఐబీఎం ఇచ్చిన మోనోక్రోమ్ కార్డుకు ఉన్న అక్షరాలే వచ్చు, బొమ్మ గీయడం రాదు. దాంతో 720 చుక్కల వెడల్పు, 348 చుక్కల ఎత్తున తెరంతా గీయగల కార్డు తానే చేశాడు. థాయ్ అక్షరం కోసం పుట్టిన ఆ కార్డును కొన్నవాళ్ళలో చాలామంది లెక్కల పట్టికలకు గ్రాఫులు గీసుకునేవాళ్ళే.

మన దగ్గర 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్ళింది. పీసీలు మాత్రం 1984 కంప్యూటర్ విధానం తరువాత ఒక్కసారిగా పెరిగాయి. అవన్నీ ఐబీఎం పీసీకి నకళ్ళే, స్లాట్లూ అవే. వాటిలో ఇంగ్లిషు తప్ప మరో అక్షరం లేదు. 1983లో ఐఐటీ కాన్పూర్‌లో దేవనాగరి కోసం మొదలైన పని తరువాత పుణెలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్‌కు చేరి జిస్ట్ కార్డు అయింది. దాన్ని ఖాళీ స్లాటులో గుచ్చితే అప్పటికే ఉన్న డీబేస్, వర్డ్‌స్టార్, లోటస్ తెలుగులో రాసేవి. ఆ ప్రోగ్రాములను ఎవరూ తిరగరాయలేదు, తాము చేరవేస్తున్నది తెలుగని వాటికి తెలియదు కూడా.

ఆ పని ఎలా జరిగేదో కాస్త దగ్గరగా చూడండి. ‘స్త్రీ’ అని రాయాలి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద స, హలంతం, త, మళ్ళీ హలంతం, ర, చివర గుడి దీర్ఘం. ఆరు మీటలు, ప్రోగ్రాము చేతికి ఆరు సంకేతాలు. దాని లెక్కలో అవి ఆరు అక్షరాలు, ఇంగ్లిషులోలాగా ఆరు గళ్ళలో పక్కపక్కన కూర్చోవాలి. అలా కూర్చుంటే మనం చదవలేం. కార్డు ఆ ఆరింటినీ పట్టుకుని, సకారం మీద గుడి దీర్ఘం పెట్టి, కింద తవత్తు, దానికి రవత్తు చేర్చి తెర మీద నిలబెట్టేది. వత్తులు కిందికి దిగే లిపిని, ఇరవై ఐదు వరసలు ఎనభై గళ్ళుగా కోసిన తెరలో ఇమడ్చడం చిన్న విషయం కాదు. బోకా రాటన్‌లో ఆ 62 పట్టీలు గీసినవాళ్ళు తవత్తు గురించి కలలో కూడా అనుకుని ఉండరు. అనుకోకపోయినా పని ఆగలేదు.

1984 ఆగస్టులో వచ్చిన ఏటీ మోడల్‌లో ఐబీఎం డేటా దారులను పదహారు చేసింది. పాత స్లాటును కదపకుండా దాని కొసన 36 పట్టీల మరో ముక్క చేర్చింది. పాత కార్డు మొదటి ముక్కలో పడుతుంది, కొత్త కార్డు రెంటిలోనూ. ఇంత చక్కటి పని చేసిన కంపెనీయే 1987 ఏప్రిల్‌లో పీఎస్/2 తెచ్చి, మైక్రో చానెల్ అనే కొత్త స్లాటు పెట్టింది. పాత కార్డు ఒక్కటీ దానిలో దూరదు. పోటీదారులు అలాంటి యంత్రం చేయాలంటే భారీ రాయల్టీ కట్టాలి.

నిజాం కాలపు రైల్వేలో ఇలాంటిదే జరిగింది. వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చిన బ్రాడ్‌గేజి జనగామ, కాజీపేట, మానుకోట, డోర్నకల్ మీదుగా సాగి 1889లో బెజవాడ చేరింది. 1900 ప్రాంతంలో మన్మాడ్ నుంచి సికింద్రాబాదుకు వేసిన లైను మాత్రం మీటర్‌గేజి. అటునుంచి వచ్చిన సరుకు ఇటు రావాలంటే సికింద్రాబాదులో ఒక బండిలోంచి దించి ఇంకో బండిలో ఎక్కించాల్సిందే. ఐబీఎం కూడా కొన్నవాళ్ళందరినీ పాత కార్డులు దించేసుకొమ్మంది.

వాళ్ళు దించలేదు. 1988 సెప్టెంబరులో కాంపాక్, హెచ్‌పీ, ఎన్ఈసీ, ఎప్సన్, ఒలివెట్టి, టాండీ, వైజ్, జెనిత్, ఏఎస్‌టీ, తొమ్మిది కంపెనీలూ ఏకమై ఈసా అనే సొంత బస్సు ప్రకటించాయి. స్లాటు వల్ల బతికిన ఆ గడియారం కార్డు కంపెనీ ఏఎస్‌టీ ఇక్కడ స్లాటు తరఫున నిలబడటం నాకు ముచ్చటగా ఉంటుంది. ఏటీ అన్న పేరు ఐబీఎందే కాబట్టి పాత బస్సుకు ఐసా అని కొత్త పేరు పెట్టింది కూడా వీళ్ళే.

అయితే, ఇంజనీర్లుగా మీరు ఐబీఎం పక్షం కూడా వినాలి. మైక్రో చానెల్ నిజంగా మెరుగైన బస్సు. ఐసాలో ప్రతి కార్డుకూ ఏ అంతరాయ గీత, మెమరీకి నేరుగా వెళ్ళే ఏ డీఎంఏ దారి అన్నది జంపర్లతో చేత్తో పెట్టాలి. రెండు కార్డులు ఒకే గీత పంచుకోలేవు. సౌండ్ కార్డు ఏడో నంబరు గీత మీద కూర్చుంటే అక్కడ ముందే ఉన్న ప్రింటరుతో పేచీ. పాట మధ్యలో ఆగిపోతే మూత విప్పడం, గోరంత జంపరు పీకి ఐదో నంబరు మీద పెట్టడం, అది చేతిలోంచి జారితే బల్ల కింద టార్చిలైటు వేసి వెతకడం, ఇదంతా మా తరం నిత్యకృత్యం. మైక్రో చానెల్‌లో జంపర్లు లేవు, ఫ్లాపీ పెడితే కార్డులు సర్దుకునేవి, అంతరాయ గీతలు పంచుకునేవి. మంచి బస్సే ఓడిపోయింది. ఈసా కూడా సర్వర్లు దాటి పెద్దగా రాలేదు. చివరికి నిలబడింది 1992లో ఇంటెల్ తెచ్చి అందరికీ కలిపి అప్పగించిన పీసీఐ. జంపర్ల బాధ లేకుండా ఐబీఎం చూపిన సుఖాన్నే అది అందరికీ దక్కే ధరలో ఇచ్చింది. ఆ తరువాత మన బరోడాలో చదివిన అజయ్ భట్ వంటివాళ్ళ పనితో యూఎస్‌బీ వచ్చి, స్లాటు పెట్టె బయటికే వచ్చేసింది. చెల్పూరు విద్యుత్కేంద్రంలోనో సింగరేణి గనుల్లోనో చేరేవాళ్ళకు ఒక మాట: పరిశ్రమల కోసం ఐసా స్లాటున్న బోర్డులు ఇప్పటికీ తయారవుతున్నాయి. పాత కార్డు పనిచేస్తున్నంతకాలం యంత్రం ఆపడానికి ఎవరూ ఒప్పుకోరు.

జిస్ట్ కార్డు మాత్రం పోయింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగు తెచ్చాక అది చేసిన పనంతా సాఫ్ట్‌వేరులో కలిసిపోయింది. దాని వెనకున్న ఇస్కీ సంకేతాల వరస ఇంకా మీ జేబులో ఉంది. భారతీయ లిపులన్నిటికీ ఒకే వరస ఉండాలన్న ఆ పద్ధతినే యూనికోడ్ తీసుకుంది. దేవనాగరి ‘క’ 0915, తెలుగు ‘క’ 0సీ15, చివరి రెండంకెలు అవే.

2018లో ఆదిలాబాద్ జిల్లాలోని గుంజాల గ్రామం పేరుతో గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. మీలో ఇంట్లో లంబాడీ మాట్లాడేవాళ్ళు, కోయ మాట్లాడేవాళ్ళు ఎందరో ఉన్నారు. లంబాడీకి సొంత లిపి యూనికోడ్‌లో లేదు, తెలుగులోనో దేవనాగరిలోనో రాసుకుంటున్నారు. మీ అవ్వ చెప్పే పాటను ఫోనులో ఎలా రాయాలి, మాటకు తగిన పదాన్ని కీబోర్డు ఎలా అందించాలి, చెబితే విని ఎలా రాయాలి, ఈ పనులన్నిటికీ ఆధారమైన సంకేతాల నిబంధనలు అచ్చువేసి బహిరంగంగానే ఉన్నాయి. యూనికోడ్ కన్సార్టియానికి ప్రతిపాదన ఎవరైనా పంపవచ్చు, దాని నమూనా పత్రం కూడా వాళ్ళ దగ్గరే దొరుకుతుంది. ఈ పనిలో ఎవరికైనా ఆసక్తి ఉంటే సభ అయ్యాక నేను కాసేపు ఇక్కడే ఉంటాను, వచ్చి మాట్లాడండి.